కడప సీమలో చైత్రమాసం

వసంత ఋతువు అనగానే కావ్యాలు చదివినవారికి మామిడి చిగుళ్ళు, కోకిల కూతలు, మలయమారుతం గుర్తుకు రావడం సహజం. ప్రబంధ కవుల వసంత వర్ణనను తరగతి గదిలో బోధించి, మధ్యాహ్నం ఒంటిగంటకు కళాశాల ద్వారం దాటి కడప వీథిలో కాలు పెట్టినప్పుడు మాత్రం, ఆ కవులు ఈ వర్ణనలను చైత్రమాసంలో ఈ వీథిలో నిలబడి వ్రాసి ఉండరని మాకు నిశ్చయంగా తోస్తుంది. వేప చెట్లు పూత పూసి ఉంటాయి. ఆ వాసన ఒక్కటే ఇక్కడి మలయమారుతం. నల్లమల, పాలకొండలు, శేషాచలం, ఎర్రమల కొండలు నలువైపులా నిలిచి వేడిని లోపలే పట్టి ఉంచుతాయి. పెన్నలోను, దానిలో కలిసే కుందు, పాపాఘ్ని, చెయ్యేరులలోను నీటికంటె ఇసుకే ఎక్కువగా కనబడుతుంది. మైదుకూరు వైపు పల్లెలలో ఉడికించిన పసుపు కొమ్ములు కళ్ళాలలో ఎండుతూ, దూరం నుంచి చూచేవారికి నేల మీద ఎవరో పచ్చని దుప్పటి పరచినట్లుంటుంది.

అయినప్పటికీ ఈ సీమలో జనం ఇల్లు విడిచి బయటికి కదిలేది ఈ మాసంలోనే. కారణం సులభంగా గ్రహింపవచ్చును. పంట ఇల్లు చేరినది. వైశాఖపు ఎండ ఇంకా ముదరలేదు. ఈ రెంటి నడుమ రైతుకు కొన్ని దినాల తీరిక చిక్కుతుంది. తిరునాళ్ళు, కల్యాణాలు, బంధువుల రాకపోకలు అన్నీ ఆ తీరికలోనే ఇముడుతాయి. పరజిల్లాల నుండి వచ్చి వసతి గృహంలో ఉండే మన విద్యార్థులు ప్రతి సంవత్సరం పరీక్షలకు ముందు దొరికే సెలవులలో "సార్, ఇక్కడ చూడదగినవి ఏమున్నాయి?" అని మమ్మడుగుతుంటారు. వారికి ముక్కలు ముక్కలుగా చెప్పిన సమాధానాలను ఒకచోట కూర్చుటయే ఈ వ్యాసం ఉద్దేశం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి పాత జిల్లాలో కొంత భాగం వేరుపడినది. మేము కడప సీమ అన్నప్పుడెల్లా పాత జిల్లానే ఉద్దేశిస్తున్నామని పాఠకులు గ్రహింపగలరు.

స్థలాల మాట చెప్పేముందు తిథుల మాట కొంత చెప్పవలసి ఉన్నది. మన కళాశాలలో ఉర్దూ చదివేవారు హిజ్రీ మాసాలను, తెలుగు చదివేవారు చైత్ర వైశాఖాలను లెక్కపెడుతుంటారు. రెండును చంద్రుని లెక్కలే. చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 దినాలు. సూర్యుని లెక్కకు 365. ఏటా వచ్చే ఈ 11 దినాల తేడాను పంచాంగకర్తలు ఊరక విడువరు. సుమారు 32 మాసాలకు ఒకసారి అధిక మాసాన్ని చేర్చి సరిచేస్తారు. కనుకనే చైత్రం ఎన్నడును వసంతాన్ని విడిచి పోదు. హిజ్రీ లెక్కలో అధిక మాసం లేదు. అందువలన రంజాన్, బక్రీద్, పెద్ద దర్గా ఉరుసు ఏటా 11 దినాలు వెనుకకు జరుగుతూ, సుమారు 33 సంవత్సరాలలో ఋతువులన్నింటిని చుట్టివస్తాయి. మా బాల్యంలో చలికాలపు రోజాలను చూచిన వారమే నడివేసవి రోజాలనుకూడ చూచినాము. ఈ సీమ వేసవిలో రోజా అనగా ఏమిటో వేరుగా వివరింప నక్కరలేదు.

ఈ రెండు లెక్కలు పక్కపక్కన నడుస్తూ అప్పుడప్పుడు చేయి కలుపుతాయి. 2021లో ఉగాది ఏప్రిల్ 13న, తొలి రోజా 14న వచ్చినవి. 2022లో ఉగాది ఏప్రిల్ 2న, రోజా 3న. 2023లో ఉగాది మార్చి 22న, రోజా 24న. అనగా ఆ మూడేండ్లు చైత్రమే రంజాన్. 2023లో అధిక శ్రావణం వచ్చి చైత్రాన్ని ఒక నెల ముందుకు నెట్టినది. దానితో 2024లో ఉగాది ఏప్రిల్ 9న, ఈదుల్ ఫిత్ర్ 11న. 2025లో ఉగాది మార్చి 30న, ఈద్ మరునాడు 31న వచ్చినవి. ఇందులో వింత ఏమియు లేదు. అమావాస్య దాటిన పాడ్యమి ఉగాది. అదే అమావాస్య దాటిన పిదప కంటికి కనబడిన నెలవంక ఈద్. ఒకరు గణితంతో పట్టుకొన్న చంద్రుని మరొకరు మిద్దె యెక్కి కంటితో పట్టుకొంటారు, అంతే భేదం. ఈ సంగతి ఇంత వివరంగా ఎందుకు చెప్పవలసి వచ్చినదో తరువాత తెలియగలదు.

ఉగాది నాడు కడపలో చూడవలసినది దేవుని కడప. ఇది నగరంలోనే ఉన్నది. ఇక్కడి లక్ష్మీ వేంకటేశ్వరుని దర్శించి తిరుమల యాత్ర సాగించడం పూర్వాచారం. తిరుమలకు గడప కనుక ఊరికి కడప అని పేరు వచ్చినదని పెద్దలు చెబుతారు. గోలకొండ సేనాని నేక్‌నామ్ ఖాన్ పేరిట ఈ ఊరు కొంతకాలం నేక్‌నామాబాద్ అని పిలువబడినది. 'నేక్ నామ్' అనగా మంచి పేరు. ఆ మంచి పేరు నిలువలేదు, గడపయే నిలిచినది. తాళ్ళపాక అన్నమాచార్యులు ఈ సీమవాడే కనుక కడప వేంకటేశ్వరునిపైకూడ సంకీర్తనలు చెప్పియున్నాడు.

ఉగాది ఉదయం ఈ ఆలయం వద్ద కనబడే దృశ్యం పరదేశాలవారికి ఆశ్చర్యం కలిగిస్తుంది. టోపీలు ధరించిన పురుషులు, బురఖాలు ధరించిన స్త్రీలు, చేతులలో టెంకాయలతో, సంచులతో వరుసలో నిలబడి ఉంటారు. సంచులలో ఉండేది భత్యం: బియ్యం, కందిపప్పు, బెల్లం, చింతపండు, ఉప్పు, మిరపకాయలు, ఇంట ఉన్న కూరగాయలు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు, వేంకటేశ్వరుడు ఆమెను పెండ్లాడిన అల్లుడు అని వారి భావన. కొత్త సంవత్సరం నాడు ఆడపడుచు ఇంటికి వట్టి చేతులతో ఎవరు పోతారు? కనుక భత్యం. ఆ దినం ఆ ఇండ్లలో మాంసం వండరు.

బీబీ నాంచారమ్మ కథ ఒక్క కడపలో పుట్టినది కాదు. కర్ణాటకలోని మేలుకోటలో రామానుజాచార్యుల చరిత్రతో పెనవేసుకొని ఒక విధంగా ఉన్నది. శ్రీరంగంలో తులుక్క నాచ్చియార్ అని ఇంకొక విధంగా ఉన్నది. సుల్తాను కుమార్తె దేవుని విగ్రహాన్ని ప్రేమించి దానివెంట వచ్చినదనుట అన్నింటిలోను సమానం. తెలుగు చెప్పుకొని బ్రతికేవారము గనుక మమ్ము ఆకర్షించినది ఆ పేరు. తమిళంలో నాచ్చియార్ అనగా దొరసాని, అమ్మగారు. అదే తెలుగు నోట నాంచారి అయినది. ఉర్దూలో బీబీ అన్నను అదే అర్థం. తెలుగువారు అంతటితో తృప్తి చెందక చివర అమ్మను చేర్చినారు. మూడు భాషలు మూడుసార్లు ఒకే మాటతో గౌరవించిన స్త్రీ మరియొకరు ఉన్నట్లు మాకు తోచదు.

రెండేండ్ల క్రితం తరగతిలో ఈ సంగతి చెప్పుచుండగా వెనుక వరుసలోని ఒక విద్యార్థి లేచి, "సార్, మనవాళ్ళు అట్లా పోవచ్చునా?" అని అడిగినాడు. అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు, నిజమైన సందేహమే. ఇది తగదనే పెద్దలు మనలో ఉన్నారు. ఆలయంలోకి వీరెందుకని అనేవారు అవతలా లేకపోలేదు. మేము ముఫ్తీలము కాము. తీర్పు చెప్పే అధికారం మాకు లేదు. పోయేవారు పూజకు పోవడం లేదని, చుట్టరికానికి పోతున్నామని అంటారని మాత్రం చెప్పినాము. అతడు కొంచెం ఆలోచించి, "మీరు పోతారా సార్?" అని మళ్ళీ అడిగినాడు. దానికి మేము సూటిగా సమాధానం చెప్పలేక గడియారం వైపు చూచిన మాట వాస్తవం.

ఉగాది తరువాత తొమ్మిదవ దినం శ్రీరామనవమి. నవమితో మొదలై ఒంటిమిట్టలో కోదండరాముని బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. కడప నుండి రాజంపేట పోయే బస్సు ఏది యెక్కినను ఇక్కడ దిగవచ్చును. గంట ప్రయాణం కూడ కాదు. ఒంటుడు, మిట్టుడు అనే ఇద్దరు దొంగలు మారి రామభక్తులైనారని, వారి పేర్లు కలిసి ఊరి పేరైనదని స్థల పురాణం. ఒంటరిగా ఉన్న మిట్ట అని తీసుకొన్నను పేరు చక్కగా పొసగుతుంది. ఆ దొంగలను వదలుకొనుటకు మనసొప్పక మేము రెండును చెబుతుంటాము. సీతారామలక్ష్మణుల మూర్తులు ఒకే శిలలో మలచబడినవి కనుక ఇది ఏకశిలానగరం. గర్భాలయంలో హనుమంతుడు లేడు. రాముడు హనుమంతుని కలియుటకు ముందటి మూర్తి అని దానికి సమాధానం చెబుతారు. 32 స్తంభాల మంటపం తీరికగా చూడదగినది. 1652లో ఈ దారిని పోయిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఈ ఆలయాన్ని మెచ్చుకొని తన యాత్రా గ్రంథంలో వ్రాసుకొన్నాడు. అయ్యలరాజు త్రిపురాంతకుడు ఒంటిమిట్ట రఘువీర శతకం చెప్పినది ఈ రాముని మీదనే. పోతన మావాడని ఒంటిమిట్టవారును, ఓరుగల్లు సీమలోని బమ్మెరవారును వాదించుకొనడం పాత సంగతి. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చినచో రెండు పక్షాలను వ్రాయుట క్షేమం.

శిథిలమైన ఈ ఆలయాన్ని మళ్ళీ నిలబెట్టినవాడు వావిలికొలను సుబ్బారావు. 1863లో పుట్టి 1936లో గతించిన ఈ మహనీయుడు వాల్మీకి రామాయణాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చి ఆంధ్ర వాల్మీకి అనిపించుకొన్నాడు. పండితుడై ఉండికూడ, చేత టెంకాయ చిప్ప పట్టుకొని ఊరూరా తిరిగి యాచించి ఆలయానికి ధనం కూర్చినాడు. ఆ చిప్పమీదనే టెంకాయచిప్ప శతకం వ్రాసినాడు. కళాశాల సంచికకు చందా అడుగుటకు సిగ్గుపడే మనవంటివారు ఆయనను తలచుకొనవలెను.

ఇక్కడి కల్యాణం పగలు జరుగదు. నవమి గడచి, పున్నమి ముంగిట, పండువెన్నెలలో రాత్రి జరుగుతుంది. పగటి పెండ్లిని తాను చూడలేకపోతినని చంద్రుడు మొరపెట్టుకొనగా స్వామి ఈ వరమిచ్చినాడని కథ. చైత్రంలో ఈ సీమ పగటి ఎండను ఎరిగిన మాకు చంద్రుని మొరకంటె రైతుల మొరయే ముందు వినబడి ఉంటుందని అనిపిస్తుంది. 2014లో రాష్ట్రం విడిపోయి భద్రాచలం తెలంగాణలో ఉండిపోగా, 2015 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ కల్యాణాన్ని అధికారికంగా జరుపుతున్నది. అదే సంవత్సరం ఆలయం తిరుమల తిరుపతి దేవస్థానం చేతికి వచ్చినది. జనం వేలకొలది పెరిగినారు. ఏర్పాట్లతోపాటు భయంకూడ పెరిగినది. 2018 మార్చి 30 సాయంత్రం మేము బయలుదేరి భాకరాపేట చేరకముందే ఆకాశం నల్లబడి, గాలివాన, వడగండ్లు ఒక్కుమ్మడిగా విరుచుకుపడినవి. బస్సు నిలిచిపోయినది. కల్యాణ వేదిక వద్ద పందిళ్ళు కూలి ప్రాణనష్టం జరిగినదని మాకు తెలిసేటప్పటికి అర్ధరాత్రి అయినది. చైత్రపు సాయంకాలపు మబ్బును ఈ సీమలో చిన్నచూపు చూడరాదు. మబ్బు పట్టినప్పుడు రేకుల పందిరి క్రింద నిలబడక రాతి కట్టడాన్ని ఆశ్రయించవలెనని మా విద్యార్థులకు ఆ నాటి నుండి ఏటా చెబుతున్నాము.

ఒంటిమిట్టకు పోయినవారు ఇమాంబేగ్ బావిని చూడక రారాదు. కడప నవాబు అబ్దుల్ నబీ ఖాన్ ప్రతినిధియైన ఇమాంబేగ్ ఇక్కడికి వచ్చి, మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని అడిగినాడట. మనసారా పిలిస్తే పలుకుతాడని వారన్నారు. అతడు మూడుసార్లు రామా అని పిలిచినాడు. లోపలి నుండి ఓ అని బదులు వచ్చినది. పిదప అతడు ఆలయ నీటి అవసరానికి ఈ బావిని త్రవ్వించినాడు. ఇది 1640లో జరిగినదని చెప్పుకొంటారు. చరిత్ర తెలిసినవారు దీనిని అంగీకరించరు. గోలకొండ తరఫున మీర్ జుమ్లా గండికోటను పట్టినదే 1650లో, కడప నవాబుల ఏలుబడి అంతకు చాల తరువాతిది. సంవత్సరం తప్పు కావచ్చును. బావి మాత్రం కట్టుకథ కాదు. దానిలోకి తొంగి చూడవచ్చును.

కోటలను చూడగోరేవారికి రెండు ఉన్నవి. కడపకు దగ్గరిది పెన్న ఒడ్డున ఉన్న సిద్ధవటం. మట్లి రాజుల కోట. తరువాత నవాబులది, ఆ తరువాత కుంఫిణీవారిది. 1808 నుండి 1812 వరకు జిల్లా కేంద్రం కూడ ఇదే. కోట లోపల ఆలయం, మసీదు, దర్గా అన్నీ ఉన్నవి, మనుష్యులే తక్కువ. సాయంకాలం పెన్న వైపు గోడమీద కూర్చుంటే కడపలో దొరకని గాలి దొరుకుతుంది. ఒక్క పూటకు ఇంతకంటె మంచి విహారం మేమెరుగము.

గండికోట దూరం, జమ్మలమడుగు మీదుగా పోవలెను. ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్న ప్రవహించే గండి అంచున నిలిచిన కోట ఇది. పెమ్మసాని నాయకులు ఏలినారు. టావెర్నియే 1652లో మీర్ జుమ్లాను కలిసికొన్నది ఇక్కడనే. ఈనాడు ఇక్కడికి వచ్చే యువకులు గండి అంచున ఫొటోలు తీసుకొని, అమెరికాలోని ఏదో లోయతో పోల్చి మురిసి వెనుదిరుగుతున్నారు. ఆ పోలిక మాకు రుచించదు. పెన్నకు దాని పేరే చాలును. లోపలికి నడచి జుమా మసీదును, దాని ప్రక్కన కత్తుల కోనేరును, ధాన్యాగారాన్ని, మాధవరాయ ఆలయాన్ని చూడవలెను. మసీదు ముంగిట నిలబడినవానికి ఆలయ గోపురం కనబడుతుంది. చైత్రంలో పోదలచినవారు ఉదయం ఎనిమిది గంటలకు కోటలో ఉండి, పదకొండుకు వెలుపల ఉండవలెను. మధ్యాహ్నం ఆ రాళ్ళమీద చెప్పు లేకుండ కాలు మోపలేము. నీళ్ళు వెంట తీసికొని పోవలెను. అంచుకు పోరాదు. ఈ మాట పదిసార్లు చెప్పినను పదకొండవసారి చెప్పవలసి వస్తున్నది.

వైశాఖం దాకా ఆగగలవారికి బ్రహ్మంగారి మఠం ఉన్నది. వైశాఖ శుద్ధ దశమి నాడు పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి ఆరాధన. ఆయన ప్రియ శిష్యుడు సిద్ధయ్య దూదేకుల ఇంట పుట్టినవాడు. ఆయన మఠం ముడుమాలలో ఉన్నది. ఆ విషయం వేరొక వ్యాసానికి తగినంత ఉన్నది గనుక ఇక్కడ విడుస్తున్నాము.

తరగతిలో సమాధానం చెప్పక తప్పించుకొన్న ప్రశ్న ఒకటి మిగిలినది. మా ఇంట ఉగాదికి భత్యం పంపే ఆచారం మా దాదీ నాటిది. చిన్ననాడు ఆమె వేలు పట్టుకొని మేమును పోయినాము. దాదీ పోయిన తరువాత అమ్మీ ఆ పని చేసినది. మేము చదువులకు పోయి, ఎం.ఏ. ముగించి, ఉద్యోగంలో చేరి, ఇంటికి వచ్చిన అతిథులకు దేవుని కడప మహిమను వివరించుటలో ఆరితేరినాము గాని, ఇరవై ఏండ్లుగా ఆ గడప తొక్కలేదు. 2024లో ఉగాది నాటికి అమ్మీ మోకాళ్ళు మొరాయించినవి. అంతకు ముందటి రాత్రి ఆమె సంచిని కట్టి తలుపు ప్రక్కన పెట్టి, "బేటా, ఈసారి ఎవరు పోతారు?" అని మాత్రం అడిగినది. మమ్మల్ని పొమ్మని అనలేదు.

ఏప్రిల్ 9. అది మాకు 29వ రోజా. సహరీ ముగించి, ఫజర్ నమాజు చదివి, సంచి పట్టుకొని బయలుదేరినాము. వరుసలో మా ముందు ఒక ముదుసలి, వెనుక వెల్లులు వేయించే వాసన చీరకు పట్టిన ఒక హోటలు ఆమె, ఆమెతో ఇద్దరు పిల్లలు. ఎవరును ఎవరిని ఏమియు అడుగలేదు. మేము బెరుకుగా సంచి అందించగా అర్చకులు అందుకొని, రోజా అని తెలిసియే కాబోలు, తీర్థం మా చేతిలో పోయక, ఉగాది పచ్చడిని చిన్న దొన్నెలో పోసి ఆకుతో మూసి ఇచ్చినారు.

అది ఇంటిలో సాయంకాలం వరకు నీళ్ళ కడవమీద చల్లగా ఉన్నది. ఆరున్నరకు అజాన్ వినబడినది. మొదట ఖర్జూరం, పిదప నీళ్ళు, ఆ పిదప పచ్చడి. అమ్మీ రుచి చూచి, వేపపువ్వు ఈ ఏడు కొంచెం ఎక్కువైనదని, రేపు నెలవంక కనబడేలోగా సేవయ్యలు వేయించి పెట్టుకొనవలెనని చెప్పి లోపలికి పోయినది.